ఇల్లుబండిలో ఎడమ సీటు

సింగపూర్‌లో, యీషున్ పేటలో, మా బ్లాకు కింద ఒక కాఫీ షాపు ఉంది. పొద్దున్నే మా ముసలాళ్ళ జట్టు అక్కడ చేరుతుంది. ముందు వెళ్ళినవాడు బల్ల మీద ఒక టిష్యూ పొట్లం పెట్టి కాఫీకి వెళ్తాడు. ఆ పొట్లం ఉన్నంతసేపు ఆ బల్ల జోలికి ఎవరూ రారు. దాన్నిక్కడ చోప్ చెయ్యడం అంటారు. ఈ ఊళ్ళో రాయని చట్టం అది. ఆ బల్ల దగ్గర కూర్చుని నేను ఈ కథ చాలాసార్లు చెప్పాను. న్యూజిలాండులో, నిండు చలికాలంలో, లారీ అంత ఇల్లుబండిని, మంచు తుఫానులో, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ ఉన్న దారిలో ఒంటిచేత్తో నడిపి ఆవలికి దాటించానని. రెండో చేత్తో కాఫీ తాగానని కూడా ఒకసారి అన్నట్టున్నాను.

కాగితం మీద పెడుతున్నాను కనుక ఇప్పుడు కొంచెం తగ్గించాలి. అది తుఫాను కాదు, మంచు పడింది అంతే. బండి లారీ అంత లేదు, మా కంపెనీ వ్యాను కంటే పెద్దది. నడిపింది నేను కాదు. దాటలేదు కూడా. తక్కినదంతా నిజం. ముఖ్యంగా కోపం నిజం. అందులో మాత్రం పిసరంత కూడా కలపలేదు.

బండి తోలడం నాకు ఏమిటో తెలియనివాళ్ళకి ఈ కోపం అర్థం కాదు. ఓడలు బాగుచేసే యార్డులో నా ఉద్యోగమంతా గడిచింది. అక్కడ లారీ నడిపేవాణ్ణని చెబుతుంటాను. అది పికప్. అందులో సామాను కంటే నేనే ఎక్కువ తిరిగాను. మధ్యలో సొంత కార్లు కొన్నాను, ఒకదాని తర్వాత ఒకటి. ఈ దేశంలో కారుకి ఆయుష్షు ప్రభుత్వం రాసిస్తుంది. పదేళ్ళు నిండగానే మళ్ళీ అనుమతి కొనుక్కోవాలి, లేదా బండిని వదులుకోవాలి. రిటైరయ్యాక నా ఆఖరి కారుకి పదేళ్ళు నిండాయి. వదిలేశాను. తీసుకెళ్ళడానికి వచ్చినవాడి చేతిలో తాళం పెట్టేటప్పుడు, ఇంజను చల్లగా ఉన్నప్పుడు మొదటి గేరు కాస్త మొండికేస్తుందని చెప్పాను. వాడు నవ్వి, తుక్కు చేసే బండికి గేరు ఎలా పడితే ఏమిటి అంకుల్ అన్నాడు. అప్పటినుంచి నేను రైల్లో కూర్చుంటున్నాను. రైలు తోలేవాడు కనబడడు. ఈ మధ్య కొన్ని రైళ్ళకి తోలేవాడే లేడు.

అలాంటివాడికి, జూన్ సెలవుల్లో న్యూజిలాండు వెళ్దాం, ఇల్లుబండి అద్దెకు తీసుకుందాం అని ఇదే ఊళ్ళో పాసిర్ రిస్‌లో ఉన్న మా అమ్మాయి ఫోన్ చేస్తే ఎలా ఉంటుంది? వంటగది, పడకలు, పాయిఖానా అన్నీ బండిలోనే ఉంటాయి నాన్నా, జూన్‌లో అక్కడ చలికాలం, మంచుకొండల మధ్య తిరగొచ్చు అంది. నేను వంటగది గురించి అడగలేదు. గేర్లున్న బండా, ఆటోమేటిక్కా అని అడిగాను. గేర్లదే దొరికింది, ఆటోమేటిక్‌లన్నీ సింగపూర్ వాళ్ళే ముందుగా పట్టేశారు అంది. నా మనసు గాల్లో తేలింది. ఎందుకంటే అమ్మాయిది ఆటోమేటిక్ లైసెన్సు. గేర్ల బండి అల్లుడొక్కడే నడపగలడు. అంత దూరం ఒక్కడే నడపలేడు కదా. ఇక మిగిలింది ఎవరు?

అరవై అయిదు దాటినవాళ్ళు లైసెన్సు నిలబెట్టుకోవాలంటే ఇక్కడ వైద్య పరీక్ష చేయించుకోవాలి. వెంటనే వెళ్ళి చేయించుకున్నాను. డాక్టరు అక్షరాలు చదివించాడు, గీత మీద నడిపించాడు. మంచుకొండల్లో బండి నడపబోతున్నానని అతనికి చెప్పాను. కంపౌండరుకీ చెప్పాను. లిఫ్టులో మూడో అంతస్తు చైనా ఆవిడకీ చెప్పాను. తోలు చేతిజోళ్ళు కొన్నాను. మంచులో జారకుండా చక్రాలకి గొలుసులు ఎలా తొడగాలో మనవరాలి చేత వీడియోలు పెట్టించుకుని చూశాను. అదే వారంలో మా ఆవిడ మోకాళ్ళ డాక్టరు దగ్గరికని ఒకసారి వెళ్ళొచ్చింది. శనివారం శనివారం భజనకి వెళ్ళేది. వచ్చి ఎడమ మోకాలు పట్టుకుని కూర్చునేది. భజనలో ఒక్క ఎడమ మోకాలే ఎందుకు నొప్పి పుడుతుందో నేను అప్పుడే ఆలోచించాల్సింది.

బండి ఇచ్చేచోట నేను సామాన్లకి కాపలా ఉన్నాను. అల్లుడు లోపలికి వెళ్ళి తాళాలు తెచ్చాడు. మా అల్లుడిది హైదరాబాదు, బ్యాంకులో కంప్యూటర్ల పని. మంచివాడు. ఆ రోజుల్లో మాత్రం అతన్ని నేను మంచివాడని అనుకోలేదు. అక్కణ్ణుంచి కొద్ది దూరంలో ఉన్న పెద్ద కొట్టుకి బండి తీసుకెళ్ళి సరుకులు కొన్నాం. నిమ్మకాయలు కూడా కొన్నాం. అక్కడి నిమ్మకాయ ఒక్కొక్కటి బత్తాయంత ఉంది. కొత్త బండి ఎక్కితే చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి దాటించాలి కదా, మా ఆవిడ కుంకుమ పొట్లం సింగపూర్ నుంచే తెచ్చింది. ఆవిడ కార్ పార్కులో వంగి కాయలకి బొట్లు పెడుతుంటే నేను వెళ్ళి కుడి సీట్లో కూర్చున్నాను. నిమ్మకాయలు దాటించాల్సింది ఇంటి పెద్ద. ఇందులో అడగడానికేముంది? అద్దం సరిచేసుకున్నాను. అల్లుడు కిటికీ దగ్గరికి వచ్చాడు.

“మామా, ఒక్క నిమిషం దిగుతరా?”

“దాటించి దిగుతాను.”

“మీ పేరు ఎక్కియ్యలేదు మామా. ఏమన్న అయితే ఇన్సూరెన్స్ ఇయ్యరు.”

నిమ్మకాయలు దాటడానికి కూడా ఇన్సూరెన్సు కావాలా అని అడిగాను. పార్కింగ్‌లో కూడా అదే రూలు అన్నాడు. మరి మీకు జ్వరం వస్తే ఎవరు నడుపుతారు అల్లుడుగారూ అన్నాను. అతను చేతిలోని పాల డబ్బా మీద రాసి ఉన్నదంతా చదవడం మొదలుపెట్టాడు. అమ్మాయి నా వైపు చూడలేదు. చెప్పింది మా మనవరాలు. దానికి పన్నెండేళ్ళు. సింగపూర్‌లో పుట్టింది, నోట్లో ఏదీ దాగదు.

“అమ్మమ్మే సెకండ్ డ్రైవర్, తాతా. నీకు తెలీదా? ఎవ్రీబడీ నోస్ లా.”

మా ఆవిడ తలెత్తలేదు. నాలుగో నిమ్మకాయకి బొట్టు పెట్టి, కాయ సరిగా ఆనిందో లేదో చూసి, లేచి చేతులు దులుపుకుంది. నేను దిగాను. అల్లుడు ఎక్కి దాటించాడు. కాయలు చితికిన చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నాలుగూ ఒకేసారి చితికాయని చెబుతుంటాను. రెండే చితికాయి. రెండు పక్కకి దొర్లిపోయాయి.

ఆ రాత్రి అమ్మాయి నాకు నచ్చజెప్పబోయింది. మోకాళ్ళ డాక్టరు అబద్ధం, అది లైసెన్సు డాక్టరు. భజన అబద్ధం, అది డ్రైవింగ్ స్కూలు. శనివారాలు గేర్ల కారులో మళ్ళీ నేర్చుకుందట. ఈవిడకి లైసెన్సు ఉన్న సంగతే నేను మర్చిపోయాను. అమ్మాయి చిన్నప్పుడెప్పుడో తీసుకుంది. చీరల బీరువాలో పెట్టుకుని, ఏ గడువూ దాటకుండా అన్నేళ్ళూ కాపాడుకుంది. మరి నా పేరు ఎందుకు రాయించలేదని అడిగాను. అమ్మాయి ఆవులించి, పొద్దున్నే లేవాలి నాన్నా అంది. అల్లుడే వద్దన్నాడని నిశ్చయించుకున్నాను. అత్తగారిని అడ్డం పెట్టుకుని మామగారిని పక్కకి నెట్టాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ బండి లోపలి చలికి అదే నా కంబళి.

తర్వాతి రోజులు నేను వెనక బల్ల దగ్గర, పక్కవాటుగా ఉన్న బెంచీ మీద కూర్చుని ప్రయాణం చేశాను. అలా కూర్చున్నవాడికి కొండలన్నీ పక్కనుంచి వచ్చి పక్కకే పోతాయి. కొండలు బాగానే ఉన్నాయి. పంచదార పోసినట్టు ఉన్నాయని మనవరాలు అంది. నేను బాగోలేదన్నాను. నీలంగా ఉన్న సరస్సులు కూడా బాగోలేవన్నాను. అల్లుడు గేరు మార్చిన ప్రతిసారీ గొంతు సవరించుకున్నాను. అతను మామా చాయ్ తాగుతరా అని అడిగితే, నాకు టీ కూడా ఇన్సూరెన్సులో ఉందా అన్నాను. పాపం నవ్వాడు. నవ్వినందుకు ఇంకా మండింది.

ఇల్లుబండిలో ఎవరి పని వాళ్ళకి ఉంటుంది. వంట ఆడవాళ్ళది, డ్రైవింగ్ అల్లుడిది, నీళ్ళ గొట్టం అమ్మాయిది. నాకు పాయిఖానా డబ్బా ఇచ్చారు. అది బండి కింద సొరుగులా ఉంటుంది. రోజూ పొద్దున బయటికి లాగి, ఈడ్చుకెళ్ళి, అందుకని కట్టిన తొట్టిలో బోర్లించి, కడిగి మళ్ళీ దూర్చాలి. కాఫీ షాపులో దీన్ని నేను నీటి పారుదల శాఖ అని చెప్పాను. ఓడలకి పని చేసినవాణ్ణి, లైసెన్సు ఉన్నవాణ్ణి, గడ్డకట్టిన పొద్దున్న ఆ డబ్బా పట్టుకుని వరసలో నిలబడ్డాను. నా ముందు నిలబడ్డ వాళ్ళంతా కూడా ముసలివాళ్ళే. బహుశా వాళ్ళ పేర్లు కూడా ఎక్కించి ఉండరు.

ఒక సాయంత్రం ఒక సరస్సు ఒడ్డున బండ్లు నిలిపే మైదానానికి చేరాం. అక్కడ ఫలానా చోటని ఇవ్వరు, ముందు వచ్చినవాళ్ళు నచ్చిన చోట పెట్టుకోవచ్చు. నీళ్ళ పక్కన చదునైన చోటు ఒకటి ఖాళీగా ఉంది. కానీ పాలు లేవు, గ్యాస్ అయిపోవస్తోంది. ఇల్లుబండితో ఉన్న తంటా అది. కొట్టుకి వెళ్ళాలంటే ఇల్లంతా వెళ్ళాలి. చోటు పోతుందని అమ్మాయి బెంగపెట్టుకుంది. నేను దిగి, జేబులోంచి టిష్యూ పొట్లం తీసి, ఆ చోటు మధ్యలో పెట్టి, ఎగిరిపోకుండా ఒక రాయి పెట్టాను.

“ఇక్కడ నడుస్తదా మామా ఇది?” అని అల్లుడు అడిగాడు.

మర్యాద తెలిసిన దేశంలో ఎక్కడైనా నడుస్తుందన్నాను. చాలా రోజుల తర్వాత అతని మీద ఒక మెట్టు ఎక్కినట్టనిపించింది.

మేం వెళ్ళిన కాసేపటికే మంచు మొదలైంది. నేను చూసిన మొదటి మంచు అది. చప్పుడు లేకుండా పడింది. తిరిగి వచ్చేసరికి మైదానం తెల్లగా ఉంది, మా చోటులో ఇంకో ఇల్లుబండి ఉంది. నేను వెళ్ళి తలుపు కొట్టాను. నా వయసు దొర ఒకాయన ఉన్ని టోపీతో తలుపు తీశాడు. ఈ చోటు మాది, నేను గుర్తు పెట్టి వెళ్ళాను అన్నాను. ఏం గుర్తు అన్నాడు. టిష్యూ అన్నాను. ఆయన నా మొహం కాసేపు చూసి, చలికోటు వేసుకుని, టార్చిలైటు పట్టుకుని దిగాడు. ఇద్దరం బండి కింద మంచు తవ్వాం. ముందు చక్రం పక్కన పొట్లం దొరికింది. ఆయన దాన్ని శ్రద్ధగా దులిపి నా చేతిలో పెట్టి, దొరికింది, సంతోషం అని లోపలికి వెళ్ళిపోయాడు. పోయిన టిష్యూ వెతుక్కుంటూ వచ్చాననుకున్నాడు.

మాకు మిగిలింది మైదానం చివర, ఏటవాలుగా ఉన్న చోటు. రాత్రి అక్కడ పడ్డ మంచు గడ్డకట్టింది. పొద్దున్నే అల్లుడు తలుపు తీసి కాలు కింద పెట్టాడు, మరుక్షణం కనబడలేదు. ఎడమ చీలమండ మెలిపడింది. గుమ్మడికాయంత వాచిందని చెప్పుకున్నాను. బంగాళాదుంపంత వాచింది. కానీ ఎడమ కాలు అది, క్లచ్ తొక్కే కాలు. విరగలేదు. అయినా కాలు నేల మీద ఆనించలేకపోతున్నాడు. మర్నాటి రాత్రికి కొండల అవతలి ఊరు చేరాలి. ఆ మర్నాడు అక్కడే విమానం. మధ్యలో కనుమ దారి ఒకటి దాటాలి. చుట్టుతిరుగుడు దారి ఉంది కానీ పొద్దున బయల్దేరితే చీకటి పడేదాకా నడపాలి.

నేను చేతిజోళ్ళు తీసి తొడుక్కున్నాను. నిజం చెబుతున్నాను, అల్లుడి కాలు చూసి నాకు జాలి వేయకముందే చేతిజోళ్ళు గుర్తొచ్చాయి.

మా ఆవిడ అమ్మాయి ప్యాంటొకటి తొడుక్కుని, స్వెట్టరు మీద చున్నీ నడుముకి బిగించి వచ్చి, “తాళం ఇవ్వండి బాబూ” అని చెయ్యి చాచింది. అల్లుడు నా వైపు చూశాడు, ఆవిడ చేతిలో పెట్టాడు. ఎవరు చూడొచ్చారు, పేరు ఎవరిదైతేనేం, నేను నడుపుతాను అన్నాను. ఆవిడ సీటు ముందుకి జరుపుకుని, అద్దాలు సరిచేసుకుని, నాకు ఎడమ సీటు చూపించింది. దారి చూడ్డానికి ఒకరు కావాలి కదా అంది. దారి చూడమంది గానీ మాట్లాడమనలేదు. ఆ సంగతి మొదటి మలుపులోనే తెలిసింది.

బాగా నడిపింది. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. ఎత్తులో మూడో గేరు, మలుపుకి ముందే రెండో గేరు, ఇంజను ఒక్కసారీ మూలగలేదు. కానీ నెమ్మది. ఎద్దుబండి అంత నెమ్మది. వెనక బండ్లు బారులు తీరితే పక్కకి తీసి అందరినీ ముందుకి పోనిచ్చేది. వాళ్ళు చెయ్యి ఊపి పోతుంటే ఈవిడ కూడా ఊపేది. పెళ్ళివారిని సాగనంపుతున్నట్టు. నేను నా బతుకులో ఒక్కణ్ణీ ముందుకి పోనివ్వలేదు. నా కుడి కాలు కింద రబ్బరు చాపని తొక్కుతూనే ఉంది. ఒకచోట ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, “అక్కడ బ్రేకు లేదండీ” అంది. వెనక మనవరాలు నవ్వింది. అల్లుడు దగ్గాడు.

పైకి వెళ్ళేకొద్దీ మంచు ఎక్కువైంది. ఇక్కడినుంచి గొలుసులు లేకుండా వెళ్ళకూడదని బోర్డు మీద లైట్లు వెలుగుతున్నాయి. గొలుసులు తొడుక్కోడానికని రోడ్డు పక్కన వెడల్పు చేసిన చోటు ఉంది. అక్కడ ఆపింది. ఇక నా వంతు వచ్చిందనుకుని దిగాను. వీడియోలు చూసినవాణ్ణి కదా. చేతిజోళ్ళతో కొక్కెం అందలేదు, విప్పేశాను. విప్పాక వేళ్ళు నావో కావో తెలియలేదు. ఒక చక్రానికి ఎలాగో పడింది. రెండో గొలుసు తిరగబడింది. అమ్మాయి పట్టుకుంది, నేను లాగాను, నేను పట్టుకున్నాను, అది లాగింది. గొలుసు ముడి పడిపోయింది. మా పక్కన ఆగిన రెండు కార్లవాళ్ళు తొడుక్కుని వెళ్ళిపోయారు. మా ఆవిడ దిగి వచ్చి మొదటి చక్రం దగ్గర వంగి చూసింది.

“ఇది సరిగ్గా పడిందా?”

“పడింది.”

“నిజం చెప్పండి.”

“పడినట్టే ఉంది.”

ఆవిడ లేచి పైకి వెళ్ళే దారి వైపు చూసింది. అక్కడ తెలుపు తప్ప ఏమీ లేదు. “గొలుసులు తీసెయ్యండి. వెనక్కి వెళ్దాం” అంది.

నా గొంతు పెద్దదైంది. కనుమ ఇంకెంతో లేదు, చుట్టూ తిరిగితే రోజంతా పోతుంది, చిన్నపిల్ల కనుమ అవతలి వేడినీళ్ళ కొలను చూడాలని ఆశపడుతోంది, ఇన్ని బండ్లు వెళ్తున్నాయి, మనమేం పాపం చేశాం అని అరిచాను. చివరికి అసలు మాట వచ్చింది.

“తాళం ఇటివ్వు. నేను దాటిస్తాను.”

“ఇవ్వను.”

“నలభై ఏళ్ళు బండి నడిపిన మనిషిని.”

“అందుకే ఇవ్వను. అల్లుడు మీ పేరు రాయిద్దామనే అన్నాడు. నేనే వద్దన్నాను.”

అన్ని రోజులు నేను అతన్ని సతాయించిన సంగతి ఒక్కసారిగా మీద పడింది. నా వయసు అడ్డమొచ్చిందా అని అడిగాను. ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

“వయసు కాదు, కళ్ళు కాదు. మీ చేతిలో చక్రం ఉంటే, ఆగండి అన్నా మీరు ఆగరు. ఎవరైనా అన్నారని ఇంకా తొక్కుతారు. అమ్మాయి చిన్నప్పుడు వుడ్‌ల్యాండ్స్‌లో, అంత క్యూలో, నా చేతిలో ఇంజను ఒక్కసారి ఆగితే, దిగి అటొచ్చి కూర్చోమన్నారు. వెనక సీట్లోంచి పిల్ల చూస్తోంది. నేనొచ్చి కూర్చున్నాను. ఇవాళ కూర్చోను.”

మలేషియాలోని జోహోర్ వెళ్ళే వంతెన ముందు జరిగింది అది. ఈవిడ మమ్మల్ని సముద్రంలో పడేయబోయిందని నేను అందరికీ చెప్పాను. బండి అంగుళం కూడా కదలలేదు, ఇంజను ఆగింది, వెనకవాడు హారన్ కొట్టాడు, అంతే. కానీ అది ఎప్పటి మాట! అన్నేళ్ళు మడతపెట్టి చీరల కింద దాచుకున్న కోపాన్ని కొండమీద తీసి పరుస్తుందా? నాకు తిరిగి కోపం వచ్చింది. గొలుసు అక్కడే పడేసి బండి వెనక వైపుకి నడిచాను. ఎక్కడికి పోతాను? అటు లోయ, ఇటు కొండ. బండి వెనక నిలబడి చేతులు చంకల్లో పెట్టుకుని ఊపిరి చూస్తూ ఉన్నాను. నా ఊపిరి నాకు కనబడటం కూడా చిరాకుగానే ఉంది. అమ్మాయి ఒక్కతే గొలుసు విప్పి లోపల పడేసింది.

ఇంజను మొదలైంది. వెనక తెల్ల లైట్లు వెలిగాయి. అంత పొడుగు బండిని ఆ చోటులో తిప్పాలంటే ముందుకీ వెనక్కీ చాలాసార్లు ఆడించాలి. వెనక కెమెరా మీద మంచు పేరుకుంది, ఆవిడకి ఏమీ కనబడదు. నా వెనక కొన్ని గజాల్లో కంచె, కంచె అవతల లోయ. నన్నెవరూ పిలవలేదు. అమ్మాయి లోపల ఉంది, అల్లుడు కాలు చాపుకుని ఉన్నాడు. బండి నా వైపు జానెడు జరిగి ఆగింది. ఆగే ఉంది. కిటికీ అద్దం దించిన చప్పుడు వినిపించింది. ఆ చలిలో అద్దం ఎందుకు దించిందో నాకు తెలుసు.

మావైపు లారీల వెనక క్లీనర్లు ఉండేవాళ్ళు. అరిచినా ఇంజను రొదలో వినబడదని బండి ఒళ్ళు చరిచి చెప్పేవాళ్ళు. రెండు దెబ్బలు కొడితే రావచ్చు, ఒక్కటి కొడితే ఆగాలి. పెళ్ళయిన కొత్తలో అలాంటి లారీలో సామాన్లతో మేమిద్దరం కాకినాడ నుంచి విమానం ఎక్కే ఊరికి వచ్చాం. ఆవిడ అది మర్చిపోయి ఉంటుందనే అనుకునేవాణ్ణి. అయినా నేను చెయ్యి ఎత్తలేదు. కొంతసేపు నిజంగానే ఎత్తలేదు. నా సాయం లేకుండా ఎలా తిప్పుతుందో చూద్దామనుకున్నాను. లోపల నా కూతురు, మనవరాలు ఉన్నారని తెలిసి కూడా అనుకున్నాను. ఈ మాట కాఫీ షాపులో చెప్పలేదు.

తర్వాత రెండు దెబ్బలు కొట్టాను. బండి వచ్చింది. ఒక దెబ్బ కొట్టాను. అక్కడికక్కడే ఆగింది. ముందుకి వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. బండి మూతి దిగుడు వైపు తిరిగేదాకా కొట్టాను, ఆవిడ ప్రతి దెబ్బా విన్నది. నేను చెప్పిన చోట ఆగింది. నేను ఎవరు చెప్పినా ఆగనివాణ్ణి. అరచెయ్యి కందిపోయింది. రక్తం కారిందని చెప్పుకున్నాను, కారలేదు.

ఎక్కేసరికి ఎడమ సీటు ఖాళీగానే ఉంది. అమ్మాయి వచ్చి కూర్చుని ఉండొచ్చు, కూర్చోలేదు.

అక్కడితో ఐపోతే బాగుండేది. కొంతదూరం దిగామో లేదో మబ్బు విడిపోయింది. ఎండ. కళ్ళు చెదిరే ఎండ. అద్దంలో కనుమ మొత్తం కనబడింది, తళతళలాడుతూ, దాని మీద కార్లు చీమల్లా ఎక్కుతున్నాయి. కాసేపు ఆగి ఉంటే గొలుసుల అవసరం కూడా లేకపోయేదేమో.

“చూశావా” అన్నాను.

“చూశాను” అంది. గేరు మార్చి అలాగే కిందికి దిగింది.

ఆ ఎండ మీద నాకు ఇప్పటికీ కోపమే. నేను చెప్పిందే నిజమైంది, ఆవిడ చేసిందే జరిగింది. చుట్టూ తిరిగి వెళ్ళాం. చీకటి పడింది. మనవరాలికి వేడినీళ్ళ కొలను లేదు. దారిలో అల్లుడికి నేనే టీ పెట్టి ఇచ్చాను. ఇన్సూరెన్సులో ఉందా మామా అని అడిగాడు. తాగండి అన్నాను. విమానం అందింది.

సింగపూర్ వచ్చాక కాఫీ షాపులో మొదట చెప్పిన కథ మీకు తెలుసు. తర్వాత కొంచెం కొంచెం మార్చాను. జట్టులో యార్డు నాటి తమిళ స్నేహితుడు ఒకడున్నాడు, అనుమానం మనిషి. గొలుసుల దగ్గర ప్రశ్నలు వేశాడు. దాంతో కనుమ దాటానన్నది వదులుకోవలసి వచ్చింది. ఆ రోజు ఇలా చెప్పాను: దాటొచ్చు, నాకు అదేమంత లెక్క కాదు, కానీ లోపల పిల్లలున్నారు. పంతానికి పోకూడదు. అందుకని అక్కడే, అంత ఇరుకులో, లోయ అంచున, నేను బండి వెనక్కి తిప్పాను.

జట్టంతా కాఫీ కప్పులు కింద పెట్టి విన్నారు. దాటానని చెప్పినప్పుడు కూడా అంత శ్రద్ధగా వినలేదు. ఒకాయన తల ఊపి, దాటడం ఎవడైనా దాటుతాడు, తిప్పడానికే గుండె కావాలి అన్నాడు. నేను ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాక చూస్తే, పక్క బల్ల దగ్గర కూరగాయల సంచీతో మా ఆవిడ నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో తెలియదు. ఆవిడ మొహంలో నవ్వు లేదు.

“ఏ గేర్లో తిప్పారండీ?” అని అడిగింది.

రివర్సు అనొచ్చు. రివర్సు, ఫస్టు, రివర్సు అనొచ్చు. అందరూ నన్నే చూస్తున్నారు. నా కుడి చెయ్యి బల్ల మీద ఉంది, టిష్యూ పొట్లం పక్కన.

“తిప్పింది ఈవిడ” అన్నాను. “నేను వెనక నిలబడి చరిచాను.”

“అనుకున్నాను” అన్నాడు తమిళ స్నేహితుడు. ఆవిడ సంచీ నా చేతికిచ్చి లిఫ్టు వైపు నడిచింది. సంచీ బరువుగా ఉంది. ఇరవై కిలోలు ఉంటుంది. సరే, అయిదు. ఇప్పుడు ఆదివారాలు అమ్మాయి కారు మా బ్లాకు కింద ఉంటుంది. తాళం ఆవిడ దగ్గర ఉంటుంది. నేను ఎడమ పక్క ఎక్కుతాను. నా కాలి కింద ఉన్న చాప ఒకచోట అరిగిపోయిందని అల్లుడు కొత్తది వేయించాడు. అది కూడా అరుగుతోంది.